కృష్ణా దిగువ డెల్టాలో మధ్యయుగపు రైతు: శాసనాలు, కైఫీయతుల ఆధారంగా ఒక పరిశీలన

మధ్యయుగాంధ్రలో రైతు తన గురించి తాను రాసి మిగిల్చినది దాదాపు లేదు. దానమిచ్చిన రాజు, దానం పుచ్చుకున్న బ్రాహ్మణుడు, పన్ను లెక్క చూసిన కరణం, సరుకు కోసం వచ్చిన విదేశీ వర్తకుడు తమ తమ అవసరాలకు రాయించుకున్న మాటల్లోనే అతని జాడ మిగిలింది. అందువల్ల ఒక ఆధారం గొప్పగా చాటిన విషయం కంటే, చెప్పక తప్పనందువల్ల చెప్పిన విషయమే రైతు జీవితానికి దగ్గరి సాక్ష్యమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేటి గుడివాడ ప్రాంతాన్ని తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు గుద్రవార విషయం అని పేర్కొన్నాయి. విషయం అంటే పాలనా విభాగం. గ్రామాన్ని దానం చేసేటప్పుడు రాజు ఆ ప్రాంతపు రాష్ట్రకూటులను, అంటే స్థానిక పెద్దలను, వారితోపాటు కుటుంబులను, అనగా సాగుచేసే గృహస్థులను సంబోధించి తన ఆజ్ఞ తెలియజేస్తాడు. పన్ను ఇకపై ఎవరికి చెల్లించాలో వారికి తెలియనిదే దానం చెల్లుబాటు కాదు కనుక ఈ సంబోధన అవసరమైంది. ఆ తరువాత వచ్చే పొలిమేరల వివరణలో చెరువులు, పుట్టలు, చెట్లు కనిపిస్తాయి; సంస్కృత శాసనంలోకి తెలుగు స్థలనామాలు చొరబడేది ఇక్కడే. అవి పొలం గట్ల మీద నడిచినవారికే తెలిసిన గుర్తులు.

ఆలయాల శిలాశాసనాలు మరో కోణాన్ని చూపుతాయి. అఖండదీపం కోసం దాత గొర్రెలనో ఆవులనో సమర్పిస్తే, వాటిని ఒక బోయ స్వీకరించి, పుత్రపౌత్రుల తరం దాకా రోజూ మానెడు నెయ్యి పోయడానికి కట్టుబడేవాడు. పశుపోషకుడి పేరు శాసనానికెక్కింది అతనిపై ఈ బాధ్యత పడినందువల్లనే. పచ్చికబయళ్లపై విధించిన పుల్లరి వంటి పన్నుల ప్రస్తావనను దీనితో కలిపి చదివితే, సాగుతోపాటు మందలు కూడా గ్రామ జీవనానికి ఆధారమని స్పష్టమవుతుంది. ఇందుకు భిన్నంగా కాకతి గణపతిదేవుని సేనాని జాయప 1213 నాటి చేబ్రోలు శాసనం ఆ రాజు దివిసీమను జయించిన వైనాన్నీ, జాయప సోదరీమణులను వివాహమాడిన సంగతినీ చెబుతుంది. ఆ సీమను దున్నినవారు అందులో ప్రధానులు కారు.

మధ్యయుగపు చివరి దశకు విలియం మెథ్వోల్డ్ రచన ఉపయోగపడుతుంది. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఈ ఈస్టిండియా కంపెనీ వర్తకుడు, గోల్కొండ రాజ్యంలో శిస్తు వసూలు హక్కును ఏటా హెచ్చుపాటకు ఇచ్చే ఇజారా పద్ధతిని వర్ణించాడు. పాటదారు ఏడాదిలోనే పెట్టుబడి రాబట్టుకోవలసి రావడంతో ఆ భారం రైతుపై పడేది. అయితే రేవులో నివసించిన పరదేశి చూపుకు పరిమితులున్నాయి. 19వ శతాబ్దారంభంలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు, అంటే గ్రామ వృత్తాంతాలు, చాలావరకు కరణాల కవిలెలపైనా జ్ఞాపకాలపైనా ఆధారపడినవి. ప్రాచీన రాజుల కాలనిర్ణయంలో వాటిని యథాతథంగా స్వీకరించలేకపోయినా, చెరువుల పేర్లకూ మాన్యాల వివరాలకూ అవి విలువైనవి.

భూదృశ్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత విస్తరించిన కాలువల కింది వరిసాగును వెనకటి శతాబ్దాలకు ఆపాదించరాదు. అప్పటి రైతు వానను, చెరువును, ఏటి వరదను నమ్ముకున్నవాడు.

ఫ్రాన్స్‌లోని మోంతాయూ గ్రామస్థుల మాటలు మత విచారణాధికారి నమోదు చేయించినందువల్ల మిగిలాయి. కృష్ణా డెల్టా రైతుకు అటువంటి వాఙ్మూలం లేదు కనుక ఒక వ్యక్తి జీవితచరిత్ర ఇక్కడ సాధ్యం కాకపోవచ్చు. అయినా అతని బాధ్యతలను, హద్దులను, పన్నుల భారాన్ని పునర్నిర్మించవచ్చు. అందుకోసం రాజవంశావళుల కూర్పుకు దక్కిన శ్రద్ధే నెయ్యి పోసిన బోయల పేర్లకూ, పొలిమేర చెరువుల పేర్లకూ ఊరువారీగా దక్కాలి.