తెర ముందు భామ, తెర వెనక ఇల్లు

తెలుగు నాటక చరిత్ర పాఠంగా చెప్పేవాళ్ళకి ఒక అధ్యాయం తప్పదు. "రంగస్థలం మీదకు స్త్రీల ప్రవేశం." ఇరవై ఏళ్ళకు పైగా ఆ అధ్యాయం చెప్తూ వచ్చాను. చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గర నాకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. ఏ రంగస్థలం మీదకి? ఎవరు కట్టిన రంగస్థలం మీదకి? మన చరిత్రకారులు నాటకాల పేర్లు, కర్తల పేర్లు, నటుల బిరుదులు ఓపికగా సేకరించారు. ఆ నాటకం ఆడిన చోటు ఎలా ఉండేది, ప్రేక్షకులు ఎన్ని వైపుల కూర్చున్నారు, వేషం ఎక్కడ కట్టుకున్నారు, వెలుగు ఎటు నుంచి పడింది అన్న సంగతులను మాత్రం పక్కన పెట్టేశారు. స్త్రీల కథ సగం ఆ పక్కన పెట్టిన సంగతుల్లోనే ఉందని నాకనిపిస్తుంది.

దీన్ని ఒక పాత్ర ద్వారా చూద్దాం. సత్యభామ అయితే మేలు. ఆమె అన్ని రకాల వేదికలూ ఎక్కింది, ఎక్కిన ప్రతిచోటా ఆమె శరీరం ఎవరిదన్న తగువు ఉంది.

భామాకలాపం మొదట ఆడింది నేల మీద. గుడి ముందో, ఊరి నడుమ ఖాళీ స్థలంలోనో రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారుఝాము దాకా సాగేది. జనం మూడు వైపులా కూర్చునేవాళ్ళు, కొన్నిచోట్ల చుట్టూ కూడా. దివిటీల వెలుగు. పాత్ర ప్రవేశించేటప్పుడు గుగ్గిలం పొడి దివిటీ మీద చల్లితే గుప్పున మంట లేచి ఆ ముఖం ఒక్క క్షణం వెలిగేది. తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న గుడ్డ. భామ ఆ గుడ్డ వెనక నుంచి తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. విద్యలో తనను ఓడించగలవాళ్ళుంటే రమ్మని సవాలన్న మాట. తర్వాత ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. సూత్రధారుడే మాధవి అయి ఆమెతో మాటకు మాట వేస్తాడు.

కూచిపూడిలో ఈ భామ మగవాడు. సిద్ధేంద్రయోగి పేరు మీద నడిచిన సంప్రదాయంలో బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలదే ఆ వేషం. అదే పారిజాత కథను పిఠాపురం వైపు గుళ్ళలో కలావంతుల స్త్రీలు తొమ్మిది రాత్రులు నవజనార్దనంగా ఆడేవాళ్ళు. అక్కడ భామ ఆడమనిషే. పాత్ర ఒకటే, నేల మీద ఆటే, దివిటీలవే. ఒకచోట మగవాడు, ఒకచోట స్త్రీ. అంటే అప్పటి వేదికకు స్త్రీ శరీరం కొత్తది కాదు. ఏ కులం స్త్రీ, ఎవరి ముందు అన్నదే ప్రశ్న.

ఈ బహిరంగ వేదికలో నాకు నచ్చిన లక్షణం ఒకటుంది. అక్కడ ఎవరూ ఎవరినీ నమ్మించడానికి ప్రయత్నించరు. మూరెడు దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ భామ ఫలానావారి అబ్బాయని తెలుసు. మగవాడైన సూత్రధారుడు మాధవిగా మాట్లాడుతుంటే ఎవరికీ అభ్యంతరం లేదు. పాత్రను ప్రకటిస్తారు, ఆడతారు. ఆ ప్రకటనను జనం ఒప్పుకుంటారు. చుట్టూ మనుషులున్న చోట భ్రమ కల్పించడం కుదరదు కాబట్టి, ఆ ఆట భ్రమ మీద ఆధారపడలేదు.

భ్రమ వచ్చింది ప్రొసీనియంతో. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి పాకలు వేసి హిందీ నాటకాలు ఆడింది. వాళ్ళు వెళ్ళాక కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు ఆడించారు. కొద్ది ఏళ్ళలోనే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఇతర పట్టణాల్లో ప్లీడర్లు, టీచర్లు, గుమాస్తాలు కలిసి నాటక సభలు పెట్టుకున్నారు. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. ఈ కొత్త వేదికకు మూడు పక్కలా మూత, ముందు చట్రం, చట్రంలో లేచి పడే తెర. ప్రేక్షకులు ఒకే వైపు, చీకట్లో, టిక్కెట్టు కొనుక్కుని వరసల్లో. పక్కల మీద వింగులు, వెనక రంగులు వేసిన తెరలు.

ఆ తెరల గురించి కాస్త ఆగి చెప్పాలి. ప్రతి కంపెనీ దగ్గరా కొన్ని సిద్ధంగా ఉండేవి: దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, ఉద్యానవనం తెర, అంతఃపురం తెర. తెరలు ఖరీదైనవి, నాటకానికో కొత్త తెర రాయించే స్తోమత అందరికీ ఉండదు. కాబట్టి నాటకమే ఉన్న తెరలకు సరిపడేలా సర్దుకునేది. రాజు దర్బారులో కనిపిస్తాడు, నాయిక అంతఃపురంలో చెలికత్తెలతో మాట్లాడుతుంది, ఉద్యానవనంలో విరహపడుతుంది, కష్టం వస్తే అడవిలో ఏడుస్తుంది. వీధి తెర ముందు ఎక్కువగా హాస్యగాళ్ళు, దూతలు. కుటుంబ స్త్రీ వీధి తెర ముందు కనిపిస్తే ఆమెకు ఏదో విపత్తు వచ్చిందనే అర్థం. స్త్రీ ఎక్కడ ఉండాలో మనువు చెప్పాడని అంటాం కానీ, తెరలు రాసిన పెయింటరు కూడా కొంత చెప్పాడు.

ఈ చట్రం లోపలే స్త్రీ వేషధారి మహారాజైపోయాడు. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, ఇంకా రోషనార, చింతామణి, మధురవాణి. ఆయన చీరకట్టు చూసి ఇళ్ళల్లో ఆడవాళ్ళు అలా కట్టుకోవడం నేర్చుకున్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ ప్రతిభను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ కూచిపూడి భామకీ స్థానం వారి భామకీ తేడా ఉంది. మొదటిది ప్రకటించిన పాత్ర. రెండోది ఆడదే అనిపించాల్సిన పాత్ర. వేదికకూ మొదటి వరసకూ మధ్య దూరం, ఒకే కోణం నుంచి చూపు, ముందు నుంచి పడే వెలుగు ఇవన్నీ కలిసి ఆ "అనిపించడాన్ని" సాధ్యం చేశాయి. స్త్రీత్వం అంటే నడక, చూపు, కొంగు సర్దుకోవడం అని, దాన్ని స్త్రీ కన్నా మగవాడే బాగా చెయ్యగలడని ఒక మెచ్చుకోలు మన విమర్శలో స్థిరపడిపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ వేషధారిని తర్వాత దింపేసింది కూడా ఆ చట్రమే. భ్రమ ఒకసారి అలవాటయ్యాక ఇంకా నిజం కావాలనిపిస్తుంది. బళ్ళారి రాఘవ (1880–1946) సహజ నటన కావాలన్నారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలన్నారు. ఆయన సరసన కొమ్మూరి పద్మావతీదేవి నటించారు. చదువుకున్న కుటుంబ స్త్రీ నాటకమాడిందని అప్పట్లో ఎంత గోల జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. "స్త్రీల ప్రవేశం" అని మన పాఠాలు చెప్పేది ప్రధానంగా ఈ ఘట్టాన్నే.

దాదాపు అవే దశాబ్దాల్లో రెండో వైపు ఏం జరిగింది? కలావంతుల ఆటకు వ్యతిరేకంగా సంస్కరణోద్యమం సాగింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. అంకితం చెయ్యడాన్ని నిషేధించింది, గుడిలో ఆటనూ నిషేధించింది. అంకితం పోవాలనడంలో నాకు సందేహం లేదు. కానీ ఆ స్త్రీల దగ్గరున్న భామ కూడా వాళ్ళ వేదికతో పాటే పోయింది. కొత్త హాళ్ళలో వాళ్ళకు చోటు దొరకలేదు. ఒక వేదిక నుంచి స్త్రీలను దింపేస్తూ, ఇంకో వేదిక మీదకి స్త్రీలను ఎక్కించి, ఎక్కించడాన్ని మాత్రమే చరిత్ర అని రాసుకున్నాం.

తెలంగాణలో చిందు కళాకారిణుల సంగతి కూడా అంతే. చిందు యక్షగానంలో స్త్రీలు తరతరాలుగా ఆడుతున్నారు. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ 2005లో మరణించేదాకా ఆ కళకు పెద్ద దిక్కుగా ఉన్నారు. ఎల్లమ్మ వేషం కట్టిన మనిషికి ఊరు మొక్కుతుంది. ఆటయ్యాక ఆ మనిషి మళ్ళీ అంటరాని వాడకే పోవాలి. ఈ దళిత స్త్రీలు రంగస్థలం మీదకు ఎప్పుడు "ప్రవేశించారు"? వాళ్ళు ప్రవేశించడానికి అక్కడ తలుపే లేదు. నేల మీద వాళ్ళు ముందే ఉన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది. చట్రం వేదికే స్త్రీలను దూరం పెట్టిందంటే, సురభి మాట ఏమిటి? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళది కూడా చట్రం వేదికే. రంగుల తెరలు, గాల్లో తేలే నారదుడు, క్షణంలో మారే దృశ్యాలు. అయినా స్త్రీ పాత్రలు ఇంటి స్త్రీలే వేశారు. వేశ్యలని అనిపించుకోకుండా, సంస్కర్తల అండ లేకుండా వేశారు.

దీనికి జవాబు వేదిక ముందు కాదు, వెనక ఉందని నా అభిప్రాయం. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో భరతుడు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉన్న నాట్యగృహం గురించి చెప్తాడు. సగం ప్రేక్షకులకు, సగం ఆటకు. ఆ ఆట సగంలో మళ్ళీ వెనక భాగం నేపథ్యగృహానికి. వేదిక అంటే కనిపించే ముక్కే కాదని ఆయనకు తెలుసు. సురభి వాళ్ళ నేపథ్యం ఒక ఇల్లు. విప్పి కట్టుకునే థియేటరు, దాని వెనకనే కుటుంబాల కాపురాలు. వింగు పక్కన ఉయ్యాల, ఉయ్యాల పక్కన మేకప్ డబ్బా. దమయంతి వేషంలో ఉన్న వేంకూబాయికి నొప్పులు వచ్చి రంగస్థలం మీదే కమలాబాయి పుట్టిందని సురభి వాళ్ళు చెప్పుకునే కథ అందరికీ తెలుసు. ఆ కమలాబాయే 1932లో భక్త ప్రహ్లాదలో నటించింది. కథలో నిజమెంతో గానీ, వేదికకూ పురిటింటికీ మధ్య ఒక తెర మాత్రమే అడ్డున్న చోటే అలాంటి కథ పుడుతుంది. ఆడవాళ్ళు అక్కడ కృష్ణుడి వేషాలు కూడా వేశారు.

పట్టణ సభల నేపథ్యం అలా కాదు. అది మగవాళ్ళ క్లబ్బు గది. చుట్టలు, చీట్లాట, హార్మోనియం. పద్మావతీదేవి లాంటి వాళ్ళు దాటాల్సింది పాదలైట్ల వరసను కాదు, ఆ గది గుమ్మాన్ని.

ఆ గది అంత తొందరగా మారలేదు. పరిషత్తు పోటీల కాలానికి రంగుల తెరలు పోయి మధ్యతరగతి హాలు సెట్టు వచ్చింది. సోఫా, టీపాయ్, గోడకి క్యాలెండరు, రెండు తలుపులు. ఒకటి వీధిలోకి, ఒకటి లోపలికి. ఎన్ని నాటికలు చూసినా నాకు అదే లెక్క: మగ పాత్ర వీధి తలుపు నుంచి సమస్యతో వస్తుంది, ఆడ పాత్ర లోపలి తలుపు నుంచి కాఫీతో వస్తుంది. ఆ లోపలి గదిలో ఏం జరుగుతుందో సెట్టులో ఉండదు, నాటకంలోనూ ఉండదు. "స్త్రీ పాత్ర లేని నాటిక" అని అట్ట మీదే వేసి అమ్మేవాళ్ళు, సమాజాలకు అది సౌకర్యం. నేను కాలేజీ రోజుల్లో నటించిన ఒక హాల్లో (పేరు అనవసరం) గ్రీన్‌రూమ్ ఒకటే, దానికి గడియ లేదు. మేం ముగ్గురం అమ్మాయిలం ఒకరి తర్వాత ఒకరం తలుపుకి వీపు ఆనించి నిలబడి, మిగతావాళ్ళం చీరలు మార్చుకున్నాం. నా డైలాగులు ఒక్కటీ గుర్తు లేవు గానీ ఆ తలుపు గుర్తుంది.

గదే అక్కర్లేని వేదికలు స్త్రీలకు కలిసొచ్చాయి. 1940లలో ప్రజానాట్యమండలి మా భూమి నాటకాన్ని ఊరూరా ఆడింది, దానితో పాటు బుర్రకథను కూడా ఊళ్ళకు తీసుకెళ్ళింది. బుర్రకథకు కావలసింది ముగ్గురు మనుషులు, ఒక బల్ల. తెర లేదు, వేషం మార్పు లేదు. మోటూరి ఉదయం బృందం లాంటి మహిళా దళాలు అలా నిలబడ్డాయి. కథకురాలు ఒక్క గుక్కలో జమీందారు, మరు గుక్కలో రైతు, ఆ వెంటనే ముసలమ్మ. లోపలి తలుపు లేని చోట ఆడమనిషి ఎన్ని పాత్రలైనా వెయ్యగలదు. నెల్లూరులో అక్షరాస్యత కళాజాతాలు, 1992 నాటి సారా వ్యతిరేక పోరాటం దాకా ఈ దారి వచ్చింది.

అలాగని వీధి వేదికను స్వర్గం చెయ్యను. 1980లలో వరకట్నం మీద మేం కొన్ని వీధి నాటకాలు వేశాం. గుండ్రంగా నిలబడిన జనం మధ్య ఆడితే మీ వీపు ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఎదురుగానే ఉంటుంది. వెనక నుంచి వచ్చిన మాటలు కొన్ని ఇక్కడ రాయలేను. చీరలు మానేసి చుడీదార్లు, నడుముకు బిగించి కట్టిన చున్నీలు మా కాస్ట్యూమ్ అయ్యాయి. సిద్ధాంతం అనుకున్నారు చూసినవాళ్ళు. అదీ కొంత ఉంది, చుట్టూ కళ్ళుండటం ఎక్కువ.

ఇప్పుడు సత్యభామ దాదాపుగా హాళ్ళలోనే ఉంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడవాళ్ళకు నేర్పారు. 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం కూచిపూడిని చట్రం వేదికకు మలిచారు. ఇవాళ భామ వేసేవాళ్ళలో ఎక్కువమంది అమ్మాయిలే. ఇద్దరు పిల్లలు తెర పట్టుకుంటారు, జడ ఇవతలికి వస్తుంది, చప్పట్లు మోగుతాయి. నా విద్యార్థిని ఒకామె భామాకలాపం చేస్తుంది. జడ వేసేటప్పుడు ఎదురుగా ఎవరిని చూస్తావని అడిగాను.

"ఎవర్నీ చూడను మేడమ్. స్పాట్‌లైటు కళ్ళలో పడుతుంది. ముందు వరస కూడా కనపడదు. ఎవరైనా లేచి సమాధానం చెప్పినా నాకు తెలీదు" అంది.