డాష్‌బోర్డు మీద తల, డిక్కీలో పెట్టె

జీపులో పెట్టే వైర్‌లెస్ సెట్టు గురించి మన సంఘం పేజీలో రాతేమిటని అనుకోకండి. మగ్గం తెలిసినవాళ్లకు ఈ కథ తొందరగా అర్థమవుతుంది.

మన సోలాపూర్ చాదర్ నేసే సాంచా చూడండి. పువ్వు ఎక్కడ పడాలో చెప్పే జకార్డ్ పైన ఉంటుంది. నేత కింద జరుగుతుంది. నడుమ దారాలు. 1804లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జకార్డ్ అనే ఆయన చేసిన ఏర్పాటు అది. చెప్పేది ఒకచోట, పని చేసేది ఇంకోచోట.

వాహనాల వైర్‌లెస్ కూడా ఇలాగే మొదలైంది. 1940లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్ర పోలీసులు కార్లలో ఎఫ్‌ఎం సెట్లు పెట్టుకున్నారు. డానియెల్ నోబుల్ అనే ప్రొఫెసర్ దాన్ని తయారు చేశారు. ఆ కాలం సెట్లలో అన్నీ వాల్వులే. బరువైన పెట్టెలు, వాటికి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే చిన్న మోటారు. డ్రైవర్ ముందు అంత జాగా ఎక్కడిది? అందుకే పెట్టె డిక్కీలోకి పోయింది. మైకు, స్విచ్చులు ఉన్న చిన్న తల మాత్రం డ్రైవర్ ముందు నిలిచింది. రెంటికీ నడుమ లావాటి కేబుల్. అప్పుడది గత్యంతరం లేక చేసిన పని.

ట్రాన్సిస్టర్ వచ్చాక సెట్టు చిన్నదై మొత్తంగా డాష్‌బోర్డు కిందికి వచ్చేసింది. తర్వాత కార్లలోనే జాగా తగ్గింది. 1995లో వచ్చిన ఐకామ్ ఐసీ-706 వంటి సెట్లలో ముందు పలక ఊడదీసి దూరంగా బిగించుకోవచ్చు. పాత పద్ధతే కొత్తగా తిరిగి వచ్చింది.

చేసే విధానం కష్టం కాదు. తల విడిపోయే సెట్టే తీసుకోవాలి. విడిపోనిదాన్ని కోసి కేబుల్ అతికిస్తే సెట్టు పాడవుతుంది. పెట్టెను సీటు కింద గాని డిక్కీలో గాని గాలి తగిలేచోట బిగించాలి. 50 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్లు లాగుతుంది. అందుకని కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, లావు వైరుతో తేవాలి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. రేకు రంధ్రంలో రబ్బరు వేయకపోతే వైరు ఒరుసుకుని మంటలు లేస్తాయి. స్పీకర్ పెట్టెలోనే ఉండిపోతే మాట వినబడదు, కాబట్టి ముందు వేరేది పెట్టుకోవాలి.

ఇక అసలు మాట. 1993 సెప్టెంబర్ 30న తెల్లవారుజామున 4 గంటలు కాకముందే కిల్లారిలో భూమి కదిలింది. మనకు 100 కిలోమీటర్ల లోపే. దాదాపు 10 వేల మంది పోయారు. ఆ రోజుల్లో చేతిలో సెల్‌ఫోన్ లేదు. అప్పుడు హామ్ రేడియో మిత్రులు సెట్లతో వెళ్లి కబుర్లు అందించారు. అలాంటి చోట ఆధారం వాహనంలోని సెట్టే. బ్యాటరీ, ఏంటెన్నా, మనిషి, మూడూ కలిసి కదులుతాయి.

ఈ రోజు మన పేటల్లో అంబులెన్సులున్నాయి, మార్కండేయ రథోత్సవానికి వలంటీర్లున్నారు. హామ్ లైసెన్సు ఉన్నవాళ్లు ఎంతమంది? హైదరాబాద్‌లో 1983 నుంచీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 12 ఏళ్లు నిండిన పిల్లలు కేంద్ర ప్రభుత్వ పరీక్ష రాయవచ్చు. లైసెన్సు లేకుండా సెట్టు బిగించడం నేరం, అది మరువకండి.

పోగు తెగితే అతికే చేతులు మనవి. కష్టకాలంలో మాట తెగితే అతికేవాళ్లు కూడా మనలో నలుగురు ఉండాలని మా కోరిక. ఆసక్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులు సంఘం ఆఫీసులో పేరు చెప్పండి. తోడు మేముంటాం.