బుడిపెకూ గడ్డకూ చుట్టరికం

సున్నిపెంట నుంచి నల్లమల దాటి నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వస్తే రేగడి చేలలో పత్తి, పప్పుశనగ కనిపిస్తాయి. శనగ వేరు బుడిపెల్లో మీసోరైజోబియం కాపురముండి గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తుంది. 2002లో మన దేశంలో అనుమతి పొందిన తొలి బీటీ పత్తిలోకి పురుగును చంపే జన్యువును చేర్చింది అగ్రోబ్యాక్టీరియం. సహజంగా అది మొక్కల మొదళ్లపై గడ్డలు లేపే రోగకారి. మిత్రుడని ఒకదాన్ని, శత్రువని ఇంకోదాన్ని పిలిచినా రెండూ ఒకే క్రమానికి చెందినవి. వాటి చుట్టరికం ఎంత దగ్గరిదో తేలడానికి నూరేళ్లు పట్టింది.

పప్పుజాతి పైరు వేసిన చేను తర్వాతి పంటకు సత్తువిస్తుందని రైతులకు ఏనాడో తెలుసు. ఆ సత్తువ వేరు బుడిపెల వల్లేనని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ చూపారు. 1888లో హాలెండ్‌కు చెందిన బైయరింక్ బుడిపెల్లోంచి, ఇప్పుడు రైజోబియం అని పిలిచే బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం వెలిసింది 1906లో. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో స్మిత్, టౌన్సెండ్ మొక్కల గడ్డలకు కారణం ఒక బ్యాక్టీరియా అని రుజువు చేశారు. అక్కడినుంచి ఒకదాన్ని నేల సారం చూసేవారు, రెండోదాన్ని తెగుళ్లు చూసేవారు విడివిడిగా చదివారు.

ఈ రెండు దారులనూ కలిపింది ప్లాస్మిడ్. బ్యాక్టీరియాలో ప్రధాన క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయమది. గడ్డలు లేపే శక్తి అలాంటి పెద్ద ప్లాస్మిడ్‌లో ఉందని 1974లో బెల్జియంలో షెల్, వాన్ మోంటాగు బృందం కనిపెట్టింది. దానిలో ఒక ముక్క మొక్క కణంలోకే దూరుతుందని 1977లో మేరీ డెల్ చిల్టన్ బృందం నిరూపించింది. ఇక 1981లో హాలెండ్‌ పరిశోధకులు రైజోబియం ప్లాస్మిడ్‌ను అగ్రోబ్యాక్టీరియంలోకి మార్చారు. గడ్డలు లేపే ఆ జీవి పప్పుజాతికి చెందిన క్లోవర్ వేళ్లకు బుడిపెలు పుట్టించింది! మంచీ చెడూ పుట్టుకతో వచ్చేవి కావు, మోసుకొచ్చిన జన్యువులతో వచ్చేవని అర్థమైంది.

ప్రయోగశాల బయట కూడా ఇదే జరుగుతోంది. న్యూజిలాండ్‌లో లోటస్ అనే పప్పుజాతి పశుగ్రాసానికి ఒకే రకం రైజోబియం పట్టించిన పొలాన్ని ఏడేళ్ల తర్వాత చూస్తే, బుడిపెల్లో వేరే స్థానిక రకాలు దొరికాయి. చల్లిన రకంలోని 5 లక్షల బేస్ జతల డీఎన్‌ఏ ముక్క వాటిలోకి చేరిపోయిందని 1995, 1998 పరిశోధనల్లో సల్లివన్, రాన్సన్ తేల్చారు.

ఈ కుటుంబం పశువుల పాక దాకా పాకింది. పశువులు, గొర్రెలు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా కూడా ఈ క్రమానిదే. లూసర్న్ బుడిపెలో రైజోబియం బతకడానికి కావలసిన ‘బీఏసీఏ’ జన్యువే బ్రూసెల్లాకు జంతు కణంలో తిష్ట వేయడానికీ అవసరమని 2000లో తెలిసింది. ఎదుటి కణంలో చంపబడకుండా నిలవడమే ఇద్దరి పని. నిలిచాక చేసేది వేరు.

ఈ క్రమానికి బయట కథ అంత సులువు కాదు. టమాట, వంగ మొక్కలను వాడ్చే రాల్‌స్టోనియాకు బుడిపెల ప్లాస్మిడ్ ఎక్కించి చూశారు ఫ్రాన్స్ పరిశోధకులు. మొదట బుడిపె రాలేదు. రోగం కలిగించే జన్యువుల్లో మార్పు వచ్చిన రకాలే అత్తిపత్తి వేళ్లకు బుడిపెలు పెట్టాయని 2010లో ప్రకటించారు. అవి నత్రజని మాత్రం ఇవ్వలేదు. ప్లాస్మిడ్ చేరినంత మాత్రాన పొత్తు కుదరదు. పాత ఆయుధాలు దించాలి, ఆపైన ఇచ్చిపుచ్చుకోవడం నేర్వాలి.

ఈ చరిత్ర నంద్యాల రైతుకూ పనికొస్తుంది. యంత్రంతో కోయడానికి వీలుగా నంద్యాల కేంద్రం ఇచ్చిన ఎన్‌బీఈజీ 47 లాంటి శనగ రకాలకైనా గాలిలోని నత్రజని అందేది బుడిపెల్లోంచే. విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించి నేలలోకి దించినప్పుడు దాని జన్యువులు స్థానిక బ్యాక్టీరియాలోకి పోవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియా శనగ చేలలో అలా పుట్టిన కొత్త రకాలు బుడిపెలు పెట్టినా నత్రజని అందించడంలో అన్నీ సమానం కావని తేలింది. కనుక బుడిపెల లెక్క ఒక్కటే చాలదు. పూతకు ముందు కొన్ని మొక్కలు జాగ్రత్తగా తవ్వి బుడిపెను చీల్చి చూడాలి: లోపల గులాబీ రంగుంటే పని జరుగుతోంది, తెల్లగా ఉంటే మొక్క తిండి మాత్రమే ఖర్చవుతోంది.