మాస్టారి అవసరం ఎరిగిన గ్రంథాలయం

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలైంది. మరుసటి ఏడాది గ్రంథాలయం ఏర్పడింది. 1930లో విశ్వవిద్యాలయం విశాఖలోని వాల్తేరుకు మారింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ రెండో ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం కొన్నాళ్లు గుంటూరులో తలదాచుకుని మళ్లీ వాల్తేరు చేరింది. నేడు డాక్టర్ వి.ఎస్. కృష్ణా పేరుతో ఉన్న ఆ గ్రంథాలయం గురించి రాసేటప్పుడు ఈ మజిలీల ప్రస్తావన ఎలాగూ వస్తుంది. ఈ నూరేళ్లలో పాఠం చెప్పేవారికి గ్రంథాలయం ఎలా అండగా నిలిచిందన్నది మాత్రం అంతగా రాయరు.

కవి, నాటకకర్త అబ్బూరి రామకృష్ణారావు ఇక్కడ చాలాకాలం గ్రంథాలయాధికారిగా పనిచేశారు. సాహిత్యంలో అంతటి మనిషి ఆ కుర్చీలో ఉండటం ఆ పదవికే గౌరవం. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణను మద్రాసు తర్వాత 1935లోనే ప్రారంభించిన విశ్వవిద్యాలయం ఇది. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం గుమస్తా పని కాదు, చదువుకుని చేయాల్సిన వృత్తి అని ఆనాడే గుర్తించారన్నమాట.

కంప్యూటర్లు రాకముందు ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనైనా అధ్యాపకుల సేవ చిన్న చిన్న కాగితాల మీదే నడిచేది. పుస్తకం కొనమని శాఖ నుంచి ఇండెంట్ వచ్చేది: రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, ధర, అడిగినవారి పేరు, కింద శాఖాధిపతి సంతకం. పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో నంబరు వేసి, వర్గీకరించి, కార్డు రాసేవారు. అరచేయంత కార్డు, అడుగున ఒక రంధ్రం, అందులోంచి ఇనుప చువ్వ. అంత పనీ అయ్యాక, అడిగిన మాస్టారికి ముందుగా కబురు పంపేవారు. కొత్త జర్నల్ వస్తే విషయసూచిక నకలు శాఖకు వెళ్లేది. తమ దగ్గర లేని వ్యాసాన్ని మరో విశ్వవిద్యాలయం నుంచి తెప్పించి ఇచ్చేవారు. ఎవరు ఏ విషయం మీద పనిచేస్తున్నారో గుర్తుంచుకోవడమే అసలు సేవ అని నా నమ్మకం.

ఇప్పుడు పద్ధతి మారింది. 1991లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కార్యక్రమంగా మొదలైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ దేశంలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపింది. సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’ అనే ఆన్‌లైన్ భాండాగారంలోకి ఎక్కాయి. 2018 యూజీసీ నిబంధనల తర్వాత థీసిస్‌లో పోలికల శాతం పది దాటితే చర్య తప్పదు. ఆ పరీక్షకు చాలాచోట్ల గ్రంథాలయమే ఆసరా. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ముప్పయిమంది ప్రచురణకర్తల దాదాపు 13,000 ఈ-జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఒకప్పుడు చందా కట్టలేక ఆపేసిన పత్రికలు ఇవాళ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు.

అయితే వేల జర్నళ్లలో తనకు కావాల్సిన నాలుగు వ్యాసాలు పట్టుకోవడం కొత్తగా చేరిన అధ్యాపకుడికి తేలిక కాదు. తెలుగు, చరిత్ర వంటి శాఖలకు కావాల్సిన పాత పుస్తకాలు, పత్రికలు ఆ చందాల్లో దొరకవు. అందుకు విషయం తెలిసిన మనిషి కావాలి. విశ్వవిద్యాలయాలు గ్రంథాలయ ఉద్యోగాల ఖాళీలను నింపాలి. శాఖకొకరు కాకపోయినా, దగ్గర దగ్గర శాఖలన్నిటికీ కలిపి ఒక్క అర్హుడైన గ్రంథపాలకుణ్ణయినా కేటాయించాలి. అధ్యాపక మిత్రులు కూడా ఈ ఏడాది తమ ఇండెంట్లు సకాలంలో పంపాలని, తాము ఏ విషయం మీద పనిచేస్తున్నారో గ్రంథాలయానికి స్వయంగా వెళ్లి చెప్పాలని నా మనవి.