పాత బైక్‌కు కొత్త రూపు: సొంతంగా చేయించుకోవడమా, తయారైన బండి కొనడమా?

హైదరాబాద్ పాతబస్తీ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా పాత బైక్‌ల షోకు ఏమాత్రం తగ్గలేదు. ఇంటి మూలన దుమ్ము కొట్టుకుపోయిన నాన్నగారి బుల్లెట్‌ను బయటికి తీసి ముస్తాబు చేయించేవారు కొందరు. ఎవరో ముస్తాబు చేసి అమ్మకానికి పెట్టిన బండిని చూడగానే మనసు పారేసుకునేవారు ఇంకొందరు. రెండు దారుల్లోనూ లాభం ఉంది, నష్టమూ ఉంది. డబ్బు, సమయం, ప్రాణం, ఆర్‌సీ బుక్కు అనే నాలుగింటి లెక్క చూసుకోకుండా దిగితే మాత్రం షోకు కాస్తా గుదిబండ అవుతుంది.

ఏ బండ్లపై మోజు

మన దగ్గర ముందు వినిపించే పేరు రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1955లో మద్రాసులో తయారీ మొదలైంది. అమ్మీటర్ ముల్లు చూసి, డీకంప్రెసర్ లీవర్ నొక్కి కిక్ కొట్టే పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బండ్లకు ఇప్పటికీ గిరాకీ ఉంది. తర్వాత మైసూరు ఐడియల్ జావా కంపెనీ బండ్లు. అక్కడ తయారైన జావా, యెజ్డీల్లో గేరుకూ కిక్కుకూ ఒకటే లీవర్. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఇక 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి చెప్పనక్కర్లేదు. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజనే అయినా దాని పికప్ గురించి నేటి కుర్రాళ్లూ మాట్లాడుకుంటారు.

పాత బండికి చేసే పని రెండు రకాలు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా తిరిగి నిలబెట్టడం రీస్టోరేషన్. రూపం మార్చేయడం కస్టమ్. 1960ల లండన్ కుర్రకారు నుంచి వచ్చిన కేఫ్ రేసర్, అమెరికాలో పుట్టిన బాబర్ లాంటివి కస్టమ్ కిందికి వస్తాయి. ఖర్చులోనూ చట్టం ముందూ ఈ రెండూ ఒకటి కావు.

సొంతంగా చేస్తే

సొంతంగా చేయడంలో ఉన్న పెద్ద లాభం, బండి లోపల ఏముందో యజమానికి పూర్తిగా తెలియడం. ఏ బేరింగ్ మార్చారు, ఏ వైరు ఎక్కడికి పోయింది అన్నది చేతికి తెలుస్తుంది. రేపు నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు మీద బండి ఆగిపోయినా భయం ఉండదు. డబ్బు కూడా ఒక్కసారిగా కాకుండా నెలనెలా కొంత పెట్టుకోవచ్చు.

కష్టం ఎక్కడంటే, లెక్క ఎప్పుడూ అనుకున్న చోట ఆగదు. కార్బురేటర్ సర్వీసింగ్ అని మొదలుపెడితే పిస్టన్ అరిగిందని తేలుతుంది. లేత్ మీద బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయాలి. ఇంజన్ విప్పాక క్రాంక్ బేరింగ్ కూడా పోయిందంటాడు మిస్త్రీ. సామాను కోసం పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాలు తిరగాలి. అక్కడ దొరకకపోతే ఆటోనగర్‌కో చెన్నై పుదుపేటకో ఫోన్ కొట్టాలి. బుల్లెట్ సామాను సులువుగానే దొరుకుతుంది. యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 అసలు సామాను దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. చాలా బండ్లు సగం విప్పిన దశలోనే గోనెసంచుల్లో మిగిలిపోవడానికి కారణం ఇదే.

అందుకే పనికి ఒక వరస ఉండాలి. ముందు కాగితాలు, తర్వాత ఇంజన్, ఆపైన బ్రేకులు, టైర్లు, వైరింగ్. ట్యాంకు పెయింటింగ్ అన్నిటికన్నా చివర. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. మెరిసే ట్యాంకు కింద ఇంజన్ పొగ కక్కుతుంటుంది.

ఇప్పుడు ఇంకో సంగతి తోడైంది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత బండ్ల రబ్బరు పైపులు, కార్బురేటర్ సీళ్లు దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. నీటిని పీల్చుకునే గుణం ఉన్నందున నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు కూడా పడుతుంది. పని చేయిస్తున్నప్పుడే ఆ రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేయించడం మంచిది.

ఎవరో కట్టిన బండి కొంటే

సమయం లేనివారికి, స్పానర్ పట్టడం రానివారికి ఇదే సులువైన దారి. కళ్ల ముందు బండి ఉంటుంది, ధర ఇంత అని తెలుస్తుంది, అదే రోజు ఎక్కి తిరగొచ్చు. పైగా బండి కట్టినవారు పెట్టిన ఖర్చంతా అమ్మేటప్పుడు తిరిగి రావడం అరుదు. కొనేవారికి అదొక లాభం.

కానీ పెయింటు కింద ఏముందో తెలియదు. అందం కోసం ఫ్రేము వెనక భాగం కోసి మళ్లీ వెల్డింగ్ చేసిన బండ్లు ఉంటాయి. వెడల్పు టైరు పట్టించడానికి స్వింగ్ ఆర్మ్ మార్చినవి ఉంటాయి. వెల్డింగ్ సరిగా లేకపోతే అది బయటపడేది గుంతలో పడినప్పుడో, ఫుల్ లోడ్‌లో బ్రేకు కొట్టినప్పుడో! హెడ్‌లైటు, హారన్ కోసం ఇష్టమొచ్చినట్టు కలిపిన వైర్లు వేడెక్కి కాలిపోతాయి. కట్టిన మిస్త్రీకి తప్ప ఆ వైరింగ్ ఇంకెవరికీ అర్థం కాదు.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ అసలు రూపానికి భిన్నంగా, ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళకు సంబంధించిన కేసులో ఇదే తేల్చి చెప్పింది. రంగు మార్చినా, అదే రకం ఇంజన్ వేరేది వేయించినా ఆర్టీఏ ద్వారా ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.

2019 సవరణ తర్వాత శిక్ష పెరిగింది. సెక్షన్ 182ఎ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ మరో కేసు. 175 సీసీ దాటిన బైక్‌లకు తయారీ దశలో ఉన్న శబ్ద పరిమితే 80 డెసిబెళ్లు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించడం పలు నగరాల్లో చూస్తున్నదే.

ఇక్కడ కొన్నవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. "నేను చేయించలేదు, కొన్నప్పుడే ఇలా ఉంది" అంటే రోడ్డు మీద చెల్లదు. చలానా వచ్చేది ఇప్పటి యజమానికే. చెప్పకుండా చేసిన మార్పుల్ని సాకుగా చూపి బీమా కంపెనీ క్లెయిము నిరాకరించే అవకాశమూ ఉంది.

50 ఏళ్లు దాటిన బండి అయితే అసలు రూపం చెడగొట్టకపోవడమే లాభం. 2021 నిబంధనల ప్రకారం అలాంటి బండ్లను వింటేజ్ కింద నమోదు చేయించవచ్చు. అయితే పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు.

వెనక కూర్చునేవారి సంగతి

కేఫ్ రేసర్, బాబర్ పేరుతో ముందుగా పీకేసేవి వెనక సీటు, హ్యాండ్ గ్రిప్, ఫుట్‌రెస్ట్, శారీ గార్డ్. అందం కోసం తీసేసే ఈ భాగాలు చట్టం పెట్టమన్నవి. వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. చీర కొంగు, చున్నీ, బురఖా చక్రంలో చుట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అమ్మనో, భార్యనో ఎక్కించుకునే బండికి శారీ గార్డ్ తీసేయడం షోకు కాదు, ప్రమాదం.

మూడో దారి

రూపం కావాలి, గొడవ వద్దు అనుకునేవారికి కంపెనీలే అలాంటి బండ్లు కట్టి ఇస్తున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 కేఫ్ రేసర్ రూపంలో 2018లో వచ్చింది. జావా 42 బాబర్ 2022లో వచ్చింది. ఆర్‌సీలో ఉన్నదీ రోడ్డు మీద ఉన్నదీ ఒకటే కాబట్టి కాగితాల చిక్కు ఉండదు, వారంటీ ఉంటుంది. పాత బండి మీద ఉండే జ్ఞాపకం మాత్రం షోరూంలో దొరకదు.

డబ్బు ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

• ఫ్రేము మీది ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిపోవాలి. గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు అనిపిస్తే వెనక్కి రావడమే మేలు.

• సొంత వాహనాల ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. తర్వాత ఫారం 25తో, తనిఖీ చేయించి, 5 ఏళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవాలి. గడువు ముగిసిందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో చూడొచ్చు.

• పాత చలానాలు, ఫైనాన్స్ బాకీ ఉన్నాయేమో చూడాలి. బాకీ తీరినట్టు ఫారం 35 ఉండాలి.

• ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని వెంటనే పేరు మార్పించుకోవాలి. "తర్వాత చూద్దాం" అన్న బండ్లే కేసుల్లో ఇరుక్కుంటాయి.

• వేరే రాష్ట్రం బండి అయితే ఎన్ఓసీ తప్పనిసరి, ఇక్కడి లైఫ్ టాక్స్ అదనం. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లపై ఆంక్షల వల్ల దిల్లీ నుంచి చవకగా వచ్చే బండ్ల విషయంలో మరీ జాగ్రత్త.

• తండ్రి చనిపోయాక ఆయన బండి వాడుతుంటే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, 3 నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి.

• కొనే రోజు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. నమ్మకమైన మిస్త్రీని వెంట తీసుకెళ్లి ఫ్రేము వెల్డింగులు, బ్రేకులు చూపించాలి.

ఎవరికి ఏది

ఇంట్లో బండి ఉండి, కాగితాలు సరిగా ఉండి, ఏడాది ఓపిక ఉన్నవారికి సొంతంగా చేయించుకోవడమే మేలు. అసలు రూపంలో రీస్టోర్ చేస్తే చట్టం చిక్కు ఉండదు, విలువా నిలుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఒకటే బండి ఉన్నవారు దాన్ని విప్పి కూర్చోవడం తగదు. అలాంటివారు కాగితాలు సరిపోయిన, ఫ్రేము కోయని బండిని చూసి కొనుక్కోవచ్చు. ఆర్‌సీ లేని బండి ఎంత చవకగా వచ్చినా, ఎంత అందంగా ఉన్నా అది కబాడీ కిందే లెక్క.