ఎండ, ఎముక, గుండె: విటమిన్ డి వందేళ్ల కథ

వానకు మొహం వాచిన అనంతపురానికి ఎండకు మాత్రం ఏనాడూ కరువు లేదు. అయినా వారానికొకటి చొప్పున వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్రలు ఇక్కడి మందుల షాపుల్లోనూ దొరుకుతున్నాయి. ఎముకలకే కాదు, గుండెకూ మంచిదని నమ్మి వాడేవారున్నారు. ఆ నమ్మకం ఎలా పుట్టి ఎక్కడ తేలిందో చూడాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెల్లన్బీ కుక్కపిల్లలకు కాడ్ చేప కాలేయపు నూనె పట్టించి, ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బును ఆపాడు. అది విటమిన్ ఏ మహిమ అనుకున్నాడు. కాదని 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ తేల్చి, కొత్త పదార్థానికి డి అని పేరు పెట్టాడు. ఆపై దశాబ్దాల పాటు దాన్ని ప్రధానంగా ఎముకల విటమిన్‌గానే చూశారు.

గుండె ప్రస్తావన తెచ్చింది 1981లో రాబర్ట్ స్క్రాగ్. చలికాలంలో గుండెజబ్బులు పెరగడానికి ఎండ తగ్గి, ఒంట్లో డి తగ్గడమే కారణం కావచ్చన్నాడు. 2008లో వెలువడిన అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో 1,739 మందిని గమనిస్తే, డి తక్కువున్నవారికే గుండెజబ్బులు ఎక్కువగా వచ్చాయి. దాంతో ఆశ చిగురించింది.

సరిగ్గా ఆ కాలంలోనే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం మన ప్రాంతపు జనాన్ని పరీక్షించింది. ఆరోగ్యంగా తిరుగుతున్నవారిలోనూ డి లోపం విస్తారంగా కనిపించింది. తిండిలో కాల్షియమూ తక్కువే. పల్లెవాసులు పట్నవాసుల కన్నా కాస్త మెరుగు. చర్మంలో డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య అనీ ఆ బృందమే చూపింది. అక్షాంశంలో తిరుపతికీ అనంతపురానికీ తేడా ఒక డిగ్రీయే. కానీ శెనక్కాయ చేలో కలుపు తీసే కూలీకీ, ధర్మవరంలో గుంటమగ్గం ముందు పొద్దంతా కూర్చునే నేతగాడికీ దక్కే ఎండ ఒకటి కాదు.

ఇక గుండెకు మేలన్న ఆశకు అసలు పరీక్ష. 2017లో న్యూజిలాండ్‌లో 5,108 మందితో చేసిన ప్రయోగం ఫలితం వచ్చింది. నడిపింది ఆ స్క్రాగే. నెలకు లక్ష యూనిట్లిచ్చినా గుండెజబ్బులు తగ్గలేదు. 2018లో అమెరికా వైటల్ ప్రయోగం 25,871 మందితో అదే తేల్చింది. 2023లో ఆస్ట్రేలియాలో 21,315 మంది వృద్ధుల్లో స్వల్ప తగ్గుదల కనిపించినా, అది యాదృచ్ఛికం కావచ్చు. మరి ఫ్రామింగ్‌హామ్‌లో ఆ సంబంధం ఎందుకు కనిపించింది? జబ్బుపడినవారు, ఊబకాయులు ఎండలోకి తక్కువగా వస్తారు. కాబట్టి డి తగ్గడం చాలామందిలో అనారోగ్యానికి గుర్తే తప్ప మూలం కాకపోవచ్చు. అయితే ఈ ప్రయోగాల్లో చేరినవారిలో ఎక్కువమందికి తీవ్రమైన డి లోపం లేదన్నదీ మరవకూడదు.

లోపం తేలితే డాక్టరు చెప్పిన మోతాదులో మాత్ర వేసుకోండి, ఎముకల కోసం. అతిగా మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుండె కోసమైతే బీపీ, షుగరు చూపించుకోండి, ఉప్పు తగ్గించండి, బీడీ మానండి.