పూజాపీఠం మీది తాళపత్రం: జీర్ణగ్రంథ పునరుద్ధరణలో పాఠమూ స్మృతీ

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాత ఇళ్లలో తాళపత్ర గ్రంథం ఇంకా మిగిలి ఉంటే, అది ఎక్కువగా దేవుడి గూటిలోనే ఉంటుంది. అది భాగవతమో రామాయణమో ఇంటివారికే తెలియకపోవచ్చు. చదవడం ఆగిపోయి రెండు మూడు తరాలైనా పసుపు కుంకుమలు ఆగవు. అటువంటి గ్రంథం శిథిలమైనప్పుడు బాగుచేయవలసింది ఆకునా, అందులోని పాఠాన్నా, దానిమీద పేరుకొన్న భక్తినా అన్నది ఇక్కడ విచార్యాంశం.

పూర్వులు పాఠం పక్షం వహించారు. ఈ తీరపు తేమలో, చెదలలో, ఉప్పుగాలిలో తాటాకుకు ఆయుష్షు తక్కువ. ఉప్పెనలు సరేసరి, 1977 నవంబరు 19 నాటి తుపాను దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల తీరాలనూ దెబ్బతీసింది. ఆకు నశించేలోగా కొత్త ప్రతి రాయించి, పాతదానిని నీట విడవడం అందుకే ఆచారమైంది. ఆగమాలలోని జీర్ణోద్ధరణ విధికీ ఇదే తర్కం: భగ్నబింబంలోని కళను కుంభంలోకి ఆవాహన చేసి, నూతన బింబంలో ప్రతిష్ఠిస్తారు. లేఖకులకు మాత్రం ఆకు మీద కూడా మమకారం ఉండేది. నడుమూ మెడా వంగేలా కష్టపడి రాశానని, నూనె నుంచి, నీటి నుంచి, సడలిన కట్టు నుంచి కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని గ్రంథాంతంలో వేడుకోవడం వారి సంప్రదాయం. నేటి సంరక్షకులు ఆకు పెళుసుబారకుండా నిమ్మగడ్డి నూనె పూస్తారు. లేఖకుడు భయపడిన నూనె బహుశా దీపపు ప్రమిదలోది.

రేపల్లె సమీపంలోని మా అమ్మమ్మగారి ఇంట పోతన దశమస్కంధం కట్ట ఒకటి ఉంది. మొదటి ఆకూ చివరి ఆకూ పసుపుతో గట్టిపడి చెక్క పలకలకు అంటుకుపోయాయి. బాగుచేయడానికి ఒప్పుకొన్న వ్యక్తి నమూనాగా లోపలి రెండాకులను స్పిరిట్‌తో తుడిచి, గంటపు గీతలలో కొత్తగా మసి నింపి ఇచ్చారు. అక్షరాలు మెరిశాయి. నేను సంతోషించాను. మా అమ్మగారు మాత్రం, ‘అమ్మమ్మ అత్తగారి వేళ్లు పోయాయిరా’ అన్నారు. ఆ వృద్ధురాలికి చదువు రాదు. పండుగనాడు కట్ట విప్పించి, పసుపు అద్దిన వేలితో ఆకుల అంచులు తాకడమే ఆమె పారాయణం. లేఖకుడికి గద్య ఉంది. ఆమె ఆ గ్రంథంతో గడిపిన జీవితానికి ఆ మరకలు తప్ప వేరే ఆధారం లేదు. ఈ మాటను మొదట నేను కేవలం మనోభావంగా తీసుకొన్నాను. అది నా తొందరపాటు.

ఎందుకంటే రెండో నష్టం పాఠానిదే. పురుగు తొలిచిన రంధ్రం అంచున మసి చేరితే నిండుసున్నలా కనిపిస్తుంది. ‘పడి’ అన్నది ‘పండి’ అవుతుంది. పద్యంలోనైతే లఘువు గురువై గణభంగం కలిగి దోషం పట్టుబడుతుంది. వచనంలో అలా పట్టించే సాధనం లేదు. చంపువైన భాగవతంలో ఆ ప్రమాదం తక్కువది కాదు. మసి నింపడం కంటికి మరమ్మతుగా తోచినా, నిజానికి అది ఒక పరిష్కర్త నిర్ణయం.

అలాగని కట్టను గ్రంథాలయానికి అప్పగిస్తే చిక్కు తీరుతుందా? రేపల్లె పొరుగునే ఉన్న భట్టిప్రోలు చరిత్ర ఇక్కడ స్మరణీయం. అక్కడి స్తూపపు ఇటుకలు రోడ్డు పనికీ, పాలరాతి పలకలు వెల్లటూరు కాలువ తూముకూ పోయాక, 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలలో ధాతుమంజూషలు బయటపడ్డాయి. బ్యూలర్ పరిష్కరించిన వాటి శాసనాలలో ఒకటి కురుని తండ్రి, తల్లి, కురుడు, శివుడు అనే దాతలను పేర్కొంటుంది. ఒక కుటుంబం కలిసి చేసిన దానం అది. తరువాత మంజూషలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. అక్కడి ధాతువు 1920లో కలకత్తా ధర్మరాజిక చైత్య విహారానికి వెళ్లింది. అక్షరం పండితులకు దక్కింది, పూజ భక్తులకు దక్కింది. రెండూ ఒకచోట లేవు.

2003లో ఏర్పడిన జాతీయ పాండులిపి మిషన్ వంటి సంస్థలు ప్రచారంలోకి తెచ్చిన డిజిటల్ ప్రతి ఈ చిక్కును కొంత సడలించింది. ప్రతి రాయించే పూర్వాచారానికి అది కొనసాగింపే. పాత ఆకును నీట విడవవలసిన పని మాత్రం లేదు. మా కట్టలో మిగిలిన ఆకులను తుడవకముందే ఫొటో తీశాము. పసుపు అక్షరాన్ని కప్పినచోట మాత్రమే శుభ్రం చేయించాము. మసి వేయించలేదు. మొదటి, చివరి ఆకులను పలకల నుంచి ఊడదీయలేదు. వాటిలో పాఠం కొంత ఇప్పటికీ చదవడానికి అందదు. కట్ట తిరిగి గూటిలోకే చేరింది. చుట్టిన పట్టుగుడ్డ మీదనే ఇప్పుడు అమ్మగారు పసుపు పెడుతున్నారు.